అసాంప్రదాయిక టి-కణాలు: ప్రతిజనకాలను గుర్తించే తీరు

టి-కణాలు మన వ్యాధి నిరోధక వ్యవస్థలో కీలకమైన తెల్ల రక్తకణాలు. వీటిలో ఎక్కువ భాగం ప్రోటీన్ల తునకలను మాత్రమే గుర్తుపడతాయి. వీటికి భిన్నంగా క్రిముల కొవ్వులనూ, విటమిన్ తయారీలో మధ్యలో పుట్టే చిన్న అణువులనూ, ఫాస్ఫేట్ సమ్మేళనాలనూ గుర్తుపట్టే టి-కణాలు కూడా ప్రతి మనిషి ఒంట్లోనూ ఉన్నాయి. వీటిని అసాంప్రదాయిక టి-కణాలు అంటారు. వీటిలో ప్రధాన కుటుంబాలు మూడు: సీడీ1 అణువులు చూపించే కొవ్వులను గుర్తించేవి, ఎంఆర్1 అణువు చూపించే విటమిన్ జాడలను గుర్తించే మెయిట్ కణాలు, గామా-డెల్టా టి-కణాలు.

ఈ కణాల గురించి మనకు తెలిసినదాంట్లో ముఖ్యమైన భాగం కుష్ఠురోగుల చర్మపు మచ్చల్లోంచి వచ్చింది. ప్రయోగశాల ఎలుక చెప్పలేని సంగతులను రోగి చర్మం చెప్పింది. కుష్ఠు ఒకప్పుడు బలంగా పాతుకుపోయిన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పాఠకులకు అందుకే ఇది దూరపు విషయం కాదు.

సాంప్రదాయిక గుర్తింపు

టి-కణం ఎముక మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథిలో ఎదుగుతుంది. దాని పైపొర మీద గ్రాహకాలు ఉంటాయి. ఒక్కో గ్రాహకం రెండు ప్రోటీన్ గొలుసుల జత. చాలా కణాల్లో అవి ఆల్ఫా, బీటా గొలుసులు. ఈ గొలుసుల జన్యువులు మొదట విడివిడి ముక్కలుగా ఉంటాయి. కణం ఎదిగే దశలో అవి రకరకాల వరుసల్లో అతుక్కుంటాయి. అందుకే ఒక మనిషిలోనే కోట్ల రకాల గ్రాహకాలు తయారవుతాయి.

ఇన్ని గ్రాహకాలున్నా సాంప్రదాయిక టి-కణం క్రిమిని నేరుగా గుర్తించలేదు. క్రిమి సోకిన కణం ఆ క్రిమి ప్రోటీన్లను పెప్టైడ్‌లుగా తుంచి, హెచ్‌ఎల్‌ఏ అనే అణువుల్లో అమర్చి, పైపొర మీదికి తెచ్చి చూపించాలి. టి-కణం క్రిమి గుర్తునూ, సొంత అణువునూ కలిపే గుర్తిస్తుందని రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీ 1974లో ఎలుకల్లో రుజువు చేశారు. ఇందుకు వారికి 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. 1987లో పమేలా బ్యోర్క్‌మన్, ఆమె సహచరులు హెచ్‌ఎల్‌ఏ అణువు ఆకృతిని స్ఫటికాల సాయంతో బయటపెట్టారు. అది దోసిలి పట్టినట్టుగా ఉంది. దోసిలి మధ్య గాడిలో పెప్టైడ్ ఒదుగుతుంది.

హెచ్‌ఎల్‌ఏ జన్యువులు మనిషికీ మనిషికీ మారతాయి. ఇప్పటికి నమోదైన రూపాలు 30,000 దాటాయి. ఒకరి హెచ్‌ఎల్‌ఏ పట్టుకునే పెప్టైడ్‌ను మరొకరిది పట్టుకోలేకపోవచ్చు. మూత్రపిండం మార్చేటప్పుడు తగిన దాత దొరకడం కష్టమవడానికి ఇదొక ముఖ్య కారణం. పెప్టైడ్‌లతో తయారైన టీకా అందరిలో ఒకేలా పనిచేయకపోవడానికీ ఇదొక కారణం.

అందరికీ ఒకే రూపం

అసాంప్రదాయిక టి-కణాలకు ప్రతిజనకాన్ని, అంటే అవి గుర్తుపట్టే పదార్థాన్ని, చూపించే సీడీ1, ఎంఆర్1 అణువులు ఇలా మారవు. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట రైతులో ఉన్న ఎంఆర్1, జపాన్ జాలరిలో ఉన్న ఎంఆర్1 దాదాపు ఒకటే. వాటిని గుర్తించే గ్రాహకాల్లోనూ ఈ సామ్యం ఉంది. మెయిట్ కణాలూ, సీడీ1డి చూపించే కొవ్వులను గుర్తించే ఎన్‌కేటీ కణాలూ ఎంతోమందిలో తమ తమ ఒకే ఆల్ఫా గొలుసును వాడతాయి. ఎవరి ఒంట్లోనైనా ఒకే గుర్తుకు స్పందించగలవు గనుక వీటిని దాతతో నిమిత్తం లేని టి-కణాలని కూడా అంటారు.

మరో ప్రత్యేకత వేగం. సాంప్రదాయిక టి-కణం కొత్త క్రిమి మీద దాడికి సిద్ధం కావాలంటే ముందు రోజుల తరబడి విభజన చెంది సంఖ్య పెంచుకోవాలి. అసాంప్రదాయిక కణాల్లో చాలావరకు ముందే సిద్ధంగా ఉంటాయి. గుర్తు కనిపించిన కొద్ది గంటల్లోనే సైటోకైన్లనే సంకేత ప్రోటీన్లను విడుదల చేస్తాయి. చర్మం, కాలేయం, ఊపిరితిత్తులు, పేగుల వంటి చోట్ల ఇవి కాపలా ఉంటాయి.

వీటిలో కొన్ని ఎలుకల్లో కనిపించవు. సీడీ1ఏ, సీడీ1బి, సీడీ1సి అణువులు ఎలుకలకు లేవు. మనిషి రక్తంలో ప్రధానమైన గామా-డెల్టా కణాల రకమూ లేదు. మెయిట్ కణాలు వాటిలో అతి స్వల్పం. వ్యాధి నిరోధక శాస్త్రం చాలాకాలం ఎలుక మీదే ఆధారపడింది కాబట్టి, ఈ శాఖలో అసలు పాఠాలు మనుషుల నుంచే నేర్చుకోవాల్సి వచ్చింది.

కొవ్వును చూపించే సీడీ1

సీడీ1 కుటుంబంలో మనిషికి అయిదు అణువులున్నాయి: ఏ, బి, సి, డి, ఇ. మొదటి నాలుగూ కణం పైపొర మీద కొవ్వులను చూపిస్తాయి. సీడీ1ఇ మాత్రం కణం లోపలే ఉండి కొవ్వులను సిద్ధం చేయడంలో సాయపడుతుంది.

సీడీ1 అణువును గుర్తించే మానవ టి-కణాలున్నాయని స్టీవెన్ పోర్సెల్లి, మైఖేల్ బ్రెనర్ బృందం 1989లో ప్రకటించింది. సీడీ1బి చూపించే క్షయ క్రిమి పదార్థానికి టి-కణం స్పందిస్తుందని 1992లో తేలింది. ఆ పదార్థం ప్రోటీన్ కాదనీ, మైకోలిక్ ఆమ్లం అనే పొడవాటి కొవ్వు ఆమ్లమనీ 1994లో రుజువైంది. టి-కణం ప్రోటీన్‌ను తప్ప మరొకదాన్ని గుర్తించదన్న నమ్మకానికి అప్పటితో కాలం చెల్లింది.

క్షయ, కుష్ఠు క్రిముల గోడ మైనపు పూత పూసినట్టుంటుంది. నరసన్నపేట వంటి ఊళ్ళ ఆసుపత్రి ల్యాబుల్లో కళ్లెనో, చెవితమ్మె నుంచి తీసిన స్మియర్‌నో జీల్-నీల్సన్ పద్ధతిలో రంగు వేసి చూసినప్పుడు నీలి నేపథ్యంలో ఈ క్రిములు ఎర్రటి కడ్డీల్లా కనబడతాయి. ఆమ్లంతో కడిగినా ఆ ఎరుపు వదలకపోవడానికి గోడలోని మైకోలిక్ ఆమ్లాలే ముఖ్య కారణం. సూక్ష్మదర్శిని కింద క్రిమిని పట్టిచ్చే ఆ కొవ్వే ఒంట్లో టి-కణానికీ పట్టిస్తోంది.

ఇంత పొడవాటి కొవ్వును అణువు ఎలా పట్టుకుంటుంది? సీడీ1బి ఆకృతి 2002లో వెలుగులోకి వచ్చింది. హెచ్‌ఎల్‌ఏలోని గాడి పైకి తెరుచుకుని ఉంటే, సీడీ1బిలో లోతైన సొరంగాలు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయి. కొవ్వు తోక ఆ సొరంగాల్లోకి దూరిపోతుంది. నీటిని ఇష్టపడే తల భాగం మాత్రం బయటికి కనిపిస్తుంది. టి-కణ గ్రాహకం ఆ తలనూ, దాని చుట్టూ ఉన్న సీడీ1 అంచునూ కలిపి తాకుతుంది. ఒక్కో సీడీ1 సొరంగం ఒక్కో కొలతలో ఉంటుంది కనుక ఒక్కొక్కటి ఒక్కో రకం కొవ్వును ఎంచుకుంటుంది. సీడీ1బి మైకోలిక్ ఆమ్లాలనూ, చక్కెర అతికిన కొవ్వులనూ పడుతుంది. సీడీ1సి క్షయ క్రిమిలోని ఫాస్ఫోమైకోకెటైడ్‌లనే కొవ్వులను పడుతుంది. ఇనుము సేకరణ కోసం ఆ క్రిమి తయారుచేసుకునే మైకోబాక్టిన్ తరహా లిపోపెప్టైడ్ సీడీ1ఏలో ఇముడుతుంది.

కుష్ఠు మచ్చ నేర్పిన పాఠం

కుష్ఠు క్రిమిని నార్వే వైద్యుడు గెర్హార్డ్ హాన్సెన్ 1873లో కనుగొన్నాడు. క్రిమి ఒకటే అయినా జబ్బు అందరిలో ఒకేలా ఉండదు. ఒక కొసన ట్యూబర్క్యులాయిడ్ రకం: ఒకటో రెండో స్పర్శ లేని మచ్చలు, వాటిలో అతి తక్కువ క్రిములు. మరో కొసన లెప్రొమాటస్ రకం: ఒళ్లంతా వ్యాపించి, చర్మంలో క్రిములు కుప్పలుతెప్పలుగా ఉండే రూపం. తేడా క్రిమిది కాదు, దానికి శరీరం ఇచ్చే జవాబుది. ఒకే శత్రువుకు మానవ శరీరం ఎన్ని రకాలుగా స్పందించగలదో చర్మం మీదే చూపిస్తుంది గనుక శాస్త్రవేత్తలు ఈ జబ్బును శ్రద్ధగా చదివారు.

లాస్ ఏంజెలిస్‌లో రాబర్ట్ మాడ్లిన్ బృందం కుష్ఠు మచ్చల్లోని టి-కణాలను పరీక్షించింది. మచ్చలు ఎర్రబడి ఉబ్బి, నరాలు నొప్పిపెట్టే రివర్సల్ రియాక్షన్ దశలో గామా-డెల్టా టి-కణాలు మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువగా పోగుపడ్డాయని ఈ బృందం 1989లో ప్రకటించింది. 1995లో పీటర్ సీలింగ్, మాడ్లిన్, సహచరులు మరో మెట్టు ఎక్కారు. కుష్ఠురోగి చర్మపు మచ్చ నుంచి పెంచిన టి-కణాలు, క్రిమి గోడలోని లైపోఅరబినోమన్నన్ అనే చక్కెర-కొవ్వు సమ్మేళనాన్ని సీడీ1బి ద్వారా గుర్తించాయి.

1999లో అదే బృందం చేసిన పరిశీలన ఈ చిత్రాన్ని పూర్తి చేసింది. క్రిమిని అదుపు చేయగలిగిన ట్యూబర్క్యులాయిడ్ మచ్చల్లోనూ, రివర్సల్ రియాక్షన్ మచ్చల్లోనూ సీడీ1 అణువులు ధరించిన డెండ్రైటిక్ కణాలు, అంటే టి-కణాలకు ప్రతిజనకాలను చూపించే కణాలు, దండిగా ఉన్నాయి. లెప్రొమాటస్ మచ్చల్లో అవి దాదాపు కనిపించలేదు. కొవ్వును చూపించే కణాలు ఉన్నచోట శరీరం గట్టిగా నిలబడుతోంది, లేనిచోట క్రిమి పెచ్చరిల్లుతోంది.

ఈ శాస్త్రం వెనుక ఉన్న జబ్బు ఉత్తరాంధ్రకు బాగా తెలిసినది. జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. డాప్సోన్ ఒక్కటే వాడుతుంటే క్రిమి మందుకు లొంగని స్థితి రావడంతో, రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. ఈ బహుళ ఔషధ చికిత్సను 1980ల్లో తొలి విడతగా చేపట్టిన జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. అప్పట్లో విజయనగరం జిల్లాలో, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సాలూరులో లెప్రసీ మిషన్ వారి ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఈ రోగులకు దీర్ఘకాలం అండగా నిలిచింది. దేశం మొత్తం మీద 2005 డిసెంబరు నాటికి రోగుల సంఖ్య ప్రతి 10,000 మందికి ఒకరి కంటే తగ్గింది. ఇంటింటికీ తిరిగి మచ్చలు చూసిన ఆరోగ్య కార్యకర్తల కాలినడకే దీనికి పునాది.

జీడి సొన, సీడీ1ఏ

చర్మం పైపొరల్లోని లాంగర్‌హాన్స్ కణాల మీద సీడీ1ఏ అణువులు దట్టంగా ఉంటాయి. క్రిములు లేనప్పుడు కూడా ఇవి ఖాళీగా ఉండవు; మన చర్మపు నూనెలనే పట్టుకుని ఉంటాయి. 2014లో వెలువడిన పరిశోధన ప్రకారం, తల భాగం లేని నూనెలు సీడీ1ఏ లోపలికి పూర్తిగా దూరిపోయినప్పుడు టి-కణ గ్రాహకం సీడీ1ఏనే నేరుగా తాకి మేల్కొంటుంది. పెద్ద తల ఉన్న కొవ్వు అక్కడుంటే గ్రాహకానికి అడ్డు తగులుతుంది. గుర్తింపు అంటే కొత్త వస్తువును చూడటమే కానక్కరలేదు, ఉన్న అడ్డు తొలగడం కూడా కావచ్చునని దీనివల్ల తెలిసింది.

నరసన్నపేట నుంచి టెక్కలి మీదుగా జాతీయ రహదారి వెంట వెళ్తే పలాస వస్తుంది. అక్కడి జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులను జీడి సొన ఎలా కాలుస్తుందో ఆ ప్రాంతంలో అందరూ ఎరుగుదురు. చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి సొన కూడా కొందరి చర్మం మీద దద్దుర్లు లేపుతుంది. నల్లజీడిలోని భిలావనాల్, అమెరికాలో పాయిజన్ ఐవీ తీగలో ఉండే ఉరుషియోల్ ఒకే రసాయన కోవవి. జీడిపిక్క సొనలోని కార్డోల్ వాటికి దగ్గరి చుట్టం. మానవ సీడీ1ఏ ఉండేలా మార్చిన ఎలుకల మీద 2016లో వెలువడిన పరిశోధనలో, ఉరుషియోల్‌ను సీడీ1ఏ పట్టుకుని టి-కణాలకు చూపించడం వల్ల చర్మంలో వాపు పెరుగుతుందని తేలింది. జీడి సొన కోవకు చెందిన రసాయనాల విషయంలో ఒంటి కొవ్వు-గుర్తింపు వ్యవస్థ మనకే నష్టం చేయగలదనడానికి ఇది ఉదాహరణ. జీడి కార్మికులకు చేతి తొడుగులు ఎందుకు తప్పనిసరో కూడా ఇది చెబుతోంది.

ఎన్‌కేటీ కణాలు

సీడీ1డి చూపించే కొవ్వులను గుర్తించే ప్రధాన కణాలు ఎన్‌కేటీ కణాలు. ఇవి రక్తంలో చాలా తక్కువ. చాలామందిలో టి-కణాల్లో వెయ్యింట ఒక వంతు కూడా ఉండవు. వీటి ఆల్ఫా గొలుసు అందరిలో ఒకటే: టీఆర్‌ఏవీ10, టీఆర్‌ఏజే18 జన్యు ముక్కల కలయిక. వీటిని అత్యంత బలంగా మేల్కొలిపే ఆల్ఫా-గాలక్టోసిల్‌సెరమైడ్‌కు మూలం జపాన్ పరిశోధకులు సముద్రపు స్పాంజి నుంచి తీసిన కొవ్వులు. అది సీడీ1డి ద్వారా పనిచేస్తుందని 1997లో నిరూపితమైంది. న్యుమోనియా కలిగించే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా వంటి వాటిలోనూ ఇటువంటి కొవ్వులున్నాయని తర్వాత తెలిసింది. 2007లో బయటపడిన ఆకృతిలో ఈ గ్రాహకం సీడీ1డి మీద ఒక అంచుకు ఒరిగి, దానికి సమాంతరంగా వాలింది. సాంప్రదాయిక గ్రాహకాలు పెప్టైడ్ మీద ఏటవాలుగా వాలతాయి. ఇది వేరే పద్ధతి.

విటమిన్ జాడ పట్టే మెయిట్ కణాలు

మనిషి రైబోఫ్లేవిన్‌ను, అంటే బి2 విటమిన్‌ను, సొంతంగా తయారు చేసుకోలేడు. తిండి నుంచి తెచ్చుకోవాలి. ఎన్నో బాక్టీరియాలు, ఈస్ట్‌లు మాత్రం దాన్ని తామే వండుకుంటాయి. ఆ వంటలో మధ్యలో పుట్టే అణువు మన కణంలో కనిపిస్తే, దగ్గరలో సూక్ష్మజీవి ఉన్నట్టే. మెయిట్ కణాలు పట్టేది ఈ జాడనే.

ఈ జాడ దొరికిన కథలో ఒక తెలుగువాడి పేరు ముడిపడి ఉంది. 2012లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎంఆర్1 అణువును ప్రయోగశాలలో తయారు చేస్తుండగా, కణాలు పెంచే ద్రవంలోని ఫోలిక్ ఆమ్లం వెలుతురుకు విరిగి ఏర్పడిన 6-ఫార్మైల్‌టెరిన్ దాన్ని అంటిపెట్టుకుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాల 1945లో కృత్రిమంగా తయారుచేసిన విటమిన్ ఈ ఫోలిక్ ఆమ్లమే. ఆ ముక్క ఎంఆర్1లో కూర్చుంది గాని మెయిట్ కణాన్ని మేల్కొలపలేదు. అయినా ఎంఆర్1 పట్టేది విటమిన్ సంబంధమైన అణువులనేనన్న దారి చూపింది. అదే పరిశోధనలో సాల్మొనెల్లా బాక్టీరియా నుంచి అసలు మేల్కొలుపులు దొరికాయి. అవి రైబోఫ్లేవిన్ తయారీ బాటకు చెందినవి.

అత్యంత శక్తిమంతమైన 5-ఓపీ-ఆర్‌యూ అనే అణువు నిర్మాణం 2014లో స్పష్టపడింది. రైబోఫ్లేవిన్ తయారీలో పుట్టే ఒక మధ్యస్థ అణువు, చక్కెర ఖర్చయ్యేటప్పుడు పుట్టే మిథైల్‌గ్లయాక్సాల్‌తో కలిసి ఇది ఏర్పడుతుంది. విడిగా నీటిలో ఉంటే కొద్ది గంటల్లోనే పాడవుతుంది. ఎంఆర్1లో చేరితే నిలుస్తుంది. ఎంఆర్1లోని 43వ లైసిన్‌తో ఇది బంధం కట్టినప్పుడే ఎంఆర్1 కణం లోపలి నుంచి పైపొరకు చేరుతుంది. గుర్తు దొరికే వరకు ఎంఆర్1 తెర వెనుకే ఉంటుందన్నమాట.

మెయిట్ కణాలు రక్తంలోని టి-కణాల్లో సుమారు 1 నుంచి 10 శాతం. కాలేయంలో మరింత ఎక్కువ. క్షయ క్రిమి సోకిన కణాలను ఇవి గుర్తించగలవని 2010లో వెల్లడైంది. నొప్పి మాత్రగా వాడే డైక్లోఫెనాక్, దాని జీవక్రియా ఉత్పత్తులు కూడా ఎంఆర్1లో చేరగలవని 2017 నాటి పరిశోధన చూపింది.

ఫాస్ఫేట్‌ను గుర్తించే గామా-డెల్టా కణాలు

1986లో మైఖేల్ బ్రెనర్ బృందం ఆల్ఫా-బీటా కాని మరో గ్రాహకాన్ని మనుషుల్లో కనుగొంది. దానికి గామా, డెల్టా గొలుసులుంటాయి. పెద్దల రక్తంలోని గామా-డెల్టా కణాల్లో ఎక్కువ భాగం వీ-గామా-9, వీ-డెల్టా-2 అనే జతను వాడతాయి. ఇవి హెచ్‌ఎల్‌ఏ, సీడీ1, ఎంఆర్1 వేటినీ అడగవు.

ఇవి గుర్తించేవి ఫాస్ఫోయాంటిజెన్‌లు అనే చిన్న ఫాస్ఫేట్ అణువులు. క్షయ క్రిమి, మలేరియా పరాన్నజీవి వంటివి కొవ్వు తయారీకి వాడే ఒక బాటలో హెచ్‌ఎంబీపీపీ అనే అణువు పుడుతుంది. మన కణాల్లో దాని బదులు ఐపీపీ అనే అణువు ఉంటుంది. హెచ్‌ఎంబీపీపీ దానికంటే కొన్ని వేల రెట్లు బలంగా ఈ కణాలను మేల్కొలుపుతుంది. మలేరియాను ఏళ్ల తరబడి ఎదుర్కొంటున్న మన ఏజెన్సీ గ్రామాల వారి రక్తంలోని ఈ కణాలకు ఆ పరాన్నజీవి పరిచితమైన గుర్తే.

ఇంత చిన్న అణువు కణం లోపల ఉండగా బయటి టి-కణానికి తెలిసేదెలా? 2012లో బీటీఎన్3ఏ1 అనే ప్రోటీన్ పాత్ర, 2020లో బీటీఎన్2ఏ1 పాత్ర బయటపడ్డాయి. బ్యుటిరోఫిలిన్ అనే వీటి కుటుంబపు పేరు పాలలోని వెన్న నుంచి వచ్చింది. మొదట వీటి బంధువును గుర్తించింది పాల కొవ్వు బిందువుల పొర మీద. ఫాస్ఫోయాంటిజెన్ కణం లోపలి వైపున ఈ రెండు ప్రోటీన్ల తోకలను జిగురులా అతుకుతుంది. ఆ అతుకు వల్ల బయటి భాగాలు అమరిక మారుతాయి. బీటీఎన్2ఏ1 వీ-గామా-9 గొలుసును తాకుతుంది. లోపలి కబురు బయటికి ఇలా చేరుతుంది.

ఇది ఆసుపత్రి వార్డులోనూ కనిపిస్తుంది. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకు జోలెడ్రోనేట్ ఇంజెక్షన్ వేశాక కొందరికి ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. ఆ మందు కణంలో ఐపీపీ పేరుకునేలా చేయడం, దాంతో గామా-డెల్టా కణాలు మేల్కొనడం దీనికి కారణం. టీలోని థియనైన్ నుంచి పుట్టే ఇథైలమైన్ కూడా ఈ కణాలను మేల్కొలుపుతుందని 1999 నుంచి తెలుసు.

వైద్యానికి ఉపయోగం

ఈ గుర్తులు మనిషి మనిషికీ మారవు కనుక, వీటి మీద కట్టిన టీకా లేదా మందు హెచ్‌ఎల్‌ఏ తేడాలకు అతీతంగా పనిచేసే అవకాశం ఉంది. క్షయకు వేసే బీసీజీ టీకాలోనే మైకోబాక్టీరియా కొవ్వులు, ఫాస్ఫోయాంటిజెన్‌లు ఉన్నాయి. హెచ్‌ఎంబీపీపీ తయారుచేసే బాక్టీరియాతో టీకా వేసిన కోతులు క్షయను మెరుగ్గా అదుపు చేశాయి. క్యాన్సర్ చికిత్సలో దాత నుంచి తీసిన ఎన్‌కేటీ, గామా-డెల్టా కణాలను వేరొకరికి ఇవ్వడానికి ప్రయత్నాలు సాగుతున్నాయి. సాంప్రదాయిక టి-కణాల్లా ఇవి రోగి ఒంటిపై తిరగబడకపోవడం వీటి బలం.

ఈ శాస్త్రానికి పునాది వేసిన వారిలో పేరు తెలియని కుష్ఠురోగులున్నారు. ఊరు వెలివేసిన చర్మం నుంచే వైద్యం ఇంత నేర్చుకుంది. ఆ రుణం తీర్చుకోవడం మన చేతుల్లోనే ఉంది. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కనిపిస్తే దాచుకోకండి, దాచనివ్వకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో క్రమం తప్పక వాడితే కుష్ఠు పూర్తిగా నయమవుతుంది.